అమెరికా ఎంఎస్‌లో టీఏ, ఆర్ఏ ఉద్యోగం: వెతకడం నుంచి మొదటి జీతం దాకా

టీఏ వస్తుందిలే అన్న ధైర్యంతో లోను తగ్గించుకుని విమానం ఎక్కకండి. మిగతా సలహాలన్నీ ఈ మాట తర్వాతే. అమెరికన్ యూనివర్సిటీల్లో టీచింగ్ అసిస్టెంట్ (టీఏ), రీసెర్చ్ అసిస్టెంట్ (ఆర్ఏ) పోస్టులు ముందుగా పీహెచ్‌డీ వాళ్ళకి వెళ్తాయి. వాళ్ళలో చాలామందికి అడ్మిషన్ ఇచ్చేటప్పుడే ఇన్నేళ్ళు జీతం ఇస్తామని డిపార్ట్‌మెంట్ మాట ఇచ్చి ఉంటుంది. వాళ్ళకి సర్దాక మిగిలినవే ఎంఎస్ వాళ్ళకి. 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో గ్రాడ్యుయేట్ స్థాయి (ఎంఎస్, పీహెచ్‌డీ లాంటివి) వాళ్ళే 1,96,567 మంది. మన తెలుగు పిల్లల్లో ఎక్కువమంది చేరేది కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్, బిజినెస్ అనలిటిక్స్ లాంటి నాలుగైదు కోర్సుల్లో. కాబట్టి మన పోటీ ఎక్కువగా మనవాళ్ళతోనే.

అయినా ప్రతి సెమిస్టర్‌లోనూ ఎంఎస్ వాళ్ళకి ఈ ఉద్యోగాలు వస్తూనే ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఏం చేశారని కనుక్కుంటే చాలాసార్లు ఒకటే జవాబు: ప్రొఫెసర్‌కి ఏ పని పేరుకుపోయి ఉందో ముందు తెలుసుకుని, ఆ పని నేను చేస్తానని వెళ్ళి అడిగారు. కింద చెప్పేదంతా అది ఎలా చేయాలన్నదే.

ముందు పేర్లు, లెక్కలు తెలుసుకోండి

టీఏ అంటే ఒక కోర్సులో ప్రొఫెసర్‌కి సాయం: ల్యాబ్ నడపడం, ఆఫీస్ అవర్స్‌లో కూర్చుని ప్రశ్నలకి జవాబు చెప్పడం, పేపర్లు దిద్దడం. ఆర్ఏ అంటే ప్రొఫెసర్ గ్రాంటు డబ్బుతో నడిచే పరిశోధనలో పని. జీఏ అంటే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, ఇది ఎక్కువగా అడ్మిషన్స్ ఆఫీసు, లైబ్రరీ, ఇంటర్నేషనల్ సెంటర్ లాంటి చోట్ల ఉంటుంది. గ్రేడర్ గంటల లెక్కన పేపర్లు దిద్దుతాడు. ఇవి కాక ఐటీ హెల్ప్ డెస్క్, డైనింగ్ హాల్, ట్యూటరింగ్ సెంటర్లలో గంటల జీతం ఉద్యోగాలు ఉంటాయి.

వీటి మధ్య అసలు తేడా ట్యూషన్ వేవర్, అంటే చదువు ఫీజు మాఫీ. గ్రేడర్‌కి, డైనింగ్ హాల్లో పనిచేసేవాళ్ళకి గంటల జీతం వస్తుంది, ఫీజు మాత్రం మామూలుగా తగ్గదు. టీఏ, ఆర్ఏ, జీఏ పోస్టులకి చాలా చోట్ల ఫీజు మొత్తమో, కొంతో మాఫీ అవుతుంది. నెల జీతం కన్నా ఈ మాఫీ విలువ ఎన్నో రెట్లు ఎక్కువ కావచ్చు.

పోస్టుని శాతాల్లో చెప్తారు. 50 శాతం అంటే వారానికి 20 గంటలు, 25 శాతం అంటే 10 గంటలు. ఆ శాతమే మీ మాఫీని నిర్ణయిస్తుంది, అదీ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా. యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్‌లో 25 నుంచి 67 శాతం మధ్య ఉండే అసిస్టెంట్‌షిప్‌కి ట్యూషన్ వేవర్ వస్తుంది. అంటే వారానికి 10 గంటల పోస్టు అయినా చాలు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో, తమ చదువుకి సంబంధించిన పనిలో కనీసం సగం టైము, అంటే 20 గంటలు, టీఏగానో ఆర్ఏగానో చేస్తే ఆ రాష్ట్రం విద్యార్థులు కట్టే ఫీజే కట్టొచ్చు. అక్కడే ఇంకో దారి ఉంది: పోటీలో గెలిచిన కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఉన్నా బయటి రాష్ట్రాల వాళ్ళకి పడే అదనపు ఫీజు మాఫీ కావచ్చు. టెక్సాస్‌లో చేరుతున్నవాళ్ళు టీఏ కన్నా ముందు ఈ స్కాలర్‌షిప్ ఫారాల గడువు చూసుకోవాలి. కాలిఫోర్నియాలోని యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలో 25 శాతం పోస్టుకి ట్యూషన్ మాఫీ ఉంది కానీ, నాన్ రెసిడెంట్ సప్లిమెంటల్ ట్యూషన్ అని విడిగా ఒకటి పడుతుంది, దాన్ని ఆ మాఫీ మామూలుగా కలుపుకోదు. అదే పెద్ద మొత్తం. "నాకు టీఏ వచ్చింది, ఫీజు ఫ్రీ" అని సీనియర్ అన్నప్పుడు ఏ రాష్ట్రం, ఎంత శాతం, ఏ ఫీజు అని మూడూ అడగండి.

వీసా గీత ఎక్కడుందో చూసుకోండి

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు. ఇది అన్ని ఉద్యోగాలూ కలిపిన లెక్క. 10 గంటల గ్రేడింగ్, 12 గంటల లైబ్రరీ పని కలిస్తే 22, అంటే గీత దాటినట్టే. సెలవుల్లో, వేసవిలో ఫుల్ టైం చేయొచ్చు. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు వరకూ క్యాంపస్ పని కూడా మొదలుపెట్టకూడదు.

అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయడం, క్యాష్ ఇచ్చినా సరే, స్టేటస్‌ని ముంచేస్తుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక్క సెమిస్టర్ అద్దె కోసం గ్యాస్ స్టేషన్లో నిలబడి రేపటి ఓపీటీని (చదువయ్యాక వచ్చే పని అనుమతి), హెచ్-1బీని (ఉద్యోగ వీసా) పణంగా పెట్టొద్దని బతిమాలుతున్నాను. డబ్బుకి మరీ ఇబ్బందైతే ఇంటర్నేషనల్ ఆఫీసులో చెప్పండి. అత్యవసర సాయం ఏదైనా ఉంటే వాళ్ళే చూపిస్తారు.

"జీతం వద్దండీ, ఫ్రీగా చేస్తాను" అని ప్రొఫెసర్‌ని అడగడం మనవాళ్ళకి అలవాటు. అది కూడా చిక్కే. మామూలుగా జీతం ఇచ్చే పనిని ఊరికే చేయించుకుంటే దాన్ని వాలంటీరింగ్ అనరు. దానికి బదులు ఇండిపెండెంట్ స్టడీ అడగండి. మీ డిగ్రీకి ఎలాగూ కావలసిన క్రెడిట్లలో మూడు ఆ ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టుగా చేయొచ్చు. ఒక సెమిస్టర్ మీ పని చూశాక ఆర్ఏ ఇవ్వడం ఆయనకి తేలిక.

ఇండియాలో ఉండగానే

బయలుదేరే ముందు ఉన్న నెలలు చాలా విలువైనవి. మీరు ఎం.టెక్ చేసి గేట్ స్టైపెండ్ 12,400 రూపాయలు తీసుకుంటూ వారానికి 8 గంటలు డిపార్ట్‌మెంట్ పని చేసి ఉంటే, అది టీఏ అనుభవమే. రెజ్యూమెలో "ఎం.టెక్, ఫలానా కాలేజీ" అని వదిలేయకుండా ఏ ల్యాబ్, ఎంతమంది విద్యార్థులు, ఏం నేర్పారు అన్నది రాయండి. బీ.టెక్‌లో జూనియర్లకి సీ ల్యాబ్‌లో సాయం చేసి ఉంటే అదీ రాయండి. ఏడాది ఆగే వీలున్నవాళ్ళు ఐఐటీ హైదరాబాద్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, హెచ్‌సీయూ, ఎన్ఐటీ వరంగల్ లాంటి చోట్ల ప్రాజెక్టు ఉద్యోగాల నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. ఒక ల్యాబ్‌లో నిజంగా పనిచేసి వచ్చిన మనిషికి, ఆ ల్యాబ్ ప్రొఫెసర్ రాసే సిఫార్సు ఉత్తరానికి అమెరికాలో విలువుంది.

అడ్మిషన్‌తో పాటే అసిస్టెంట్‌షిప్ ఆఫర్ వస్తే, ఏప్రిల్ 15 గుర్తుంచుకోండి. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సాయం ఆఫర్‌కి ఆ తేదీ లోపల జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. రెండు మూడు చోట్ల నుంచి జవాబు రావాల్సి ఉంటే తొందరపడక్కర్లేదు.

ఒక హెచ్చరిక కూడా. "టీఏ గ్యారంటీ" అని డబ్బు అడిగే కన్సల్టెన్సీని నమ్మకండి. ఆ పోస్టు ఎవరికివ్వాలో యూనివర్సిటీలో డిపార్ట్‌మెంటో, ప్రొఫెసరో తేలుస్తారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్నవాళ్ళ చేతిలో అది లేదు.

ఏడాదిలో ఎప్పుడు అడగాలి

సరైన వారంలో అడిగితే మామూలు రెజ్యూమెకి కూడా పని దొరుకుతుంది. ఫాల్ సెమిస్టర్ (ఆగస్టులో మొదలయ్యేది) పోస్టులకి చాలా డిపార్ట్‌మెంట్లు మార్చి, ఏప్రిల్ నుంచే దరఖాస్తులు తీసుకుంటాయి. స్ప్రింగ్ (జనవరిలో మొదలయ్యేది) పోస్టులకి అక్టోబర్, నవంబర్. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైటులో టీఏ దరఖాస్తు ఫారం ఉంటుంది, ముందు అది నింపండి. ఎంత మంచి మెయిల్ రాసినా ఫారంలో మీ పేరు లేకపోతే ప్రొఫెసర్ మిమ్మల్ని తీసుకోలేకపోవచ్చు.

అందరూ వదిలేసే టైము ఒకటుంది: సెమిస్టర్ మొదటి రెండు వారాలు. విద్యార్థులు కోర్సులు మార్చుకుంటూ ఉంటారు. 60 మంది అనుకున్న క్లాసుకి 95 మంది వస్తారు. టీఏగా ఒప్పుకున్నవాళ్ళు ఆర్ఏ వచ్చిందని తప్పుకుంటారు. అప్పుడు ప్రొఫెసర్‌కి రేపటికల్లా మనిషి కావాలి. ఆ వారంలో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్ళి, "గ్రేడర్ కావాల్సి వస్తే నేను ఫలానా కోర్సులకి సిద్ధంగా ఉన్నాను, నా ఖాళీ గంటలు ఇవి" అని ఒక పేజీ కాగితం ఇవ్వండి. కోఆర్డినేటర్లతో మర్యాదగా, ఓపిగ్గా ఉండండి. ఏ కోర్సుకి మనిషి తక్కువయ్యాడో డిపార్ట్‌మెంట్లో అందరికన్నా ముందు తెలిసేది వాళ్ళకే.

పని ఎక్కడుందో వెతకండి

కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర మీలాంటివాళ్ళు వందల్లో ఉంటారు. అదే పైథాన్, ఎస్‌క్యూఎల్ నైపుణ్యం వ్యవసాయ కాలేజీలో, పబ్లిక్ హెల్త్‌లో, సివిల్ ఇంజనీరింగ్‌లో, జాగ్రఫీలో, సైకాలజీలో అరుదు. అక్కడ డేటా కుప్పలుగా ఉంటుంది, శుభ్రం చేసేవాళ్ళు ఉండరు. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ మొదటి ఏడాది కోర్సులకి, మ్యాథ్స్ హెల్ప్ సెంటర్‌కి కూడా మనుషులు కావాలి. లెక్కలు బాగా చెప్పగలిగినవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు కదా.

ఆర్ఏ కోసమైతే డబ్బు ఎవరి దగ్గరుందో చూసే మార్గం అందరికీ తెరిచే ఉంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వెబ్‌సైటులో అవార్డ్ సెర్చ్ అని ఒక పేజీ ఉంది. అందులో మీ యూనివర్సిటీ పేరు కొడితే ఏ ప్రొఫెసర్‌కి ఏ ప్రాజెక్టుకి ఎంత గ్రాంటు వచ్చింది, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది అన్నీ కనిపిస్తాయి. ఆరోగ్య రంగానికి ఎన్ఐహెచ్ రిపోర్టర్ అని ఇలాంటిదే ఉంది. గత ఆరు నెలల్లో మొదలైన గ్రాంట్లు ముందు చూడండి. కొత్త గ్రాంటు వచ్చిన ప్రొఫెసర్ ల్యాబ్‌లోకి మనుషుల్ని తీసుకునే అవకాశం ఎక్కువ. ఆ పేజీలో ఉండే ప్రాజెక్టు సారాంశం శ్రద్ధగా చదివితే మీ మెయిల్‌కి కావలసిన సరుకు అక్కడే దొరుకుతుంది.

రెండు జాగ్రత్తలు. 2025లో ప్రభుత్వం చాలా పరిశోధన గ్రాంట్లు మధ్యలో ఆపేసింది, కాబట్టి జాబితాలో ఉన్నంత మాత్రాన డబ్బు ఇంకా నడుస్తోందని అనుకోవద్దు, మాట్లాడేటప్పుడు అడగండి. ఇక రక్షణ శాఖ డబ్బుతో నడిచే కొన్ని ప్రాజెక్టుల్లో అమెరికా పౌరుల్ని, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళని మాత్రమే తీసుకుంటారు. అక్కడ కాదంటే మీలో లోపం ఉందని కాదు, వదిలేసి పక్క తలుపు తట్టండి.

మెయిల్ రాయడం

ఒకే మెయిల్‌ని పేర్లు మార్చి రెండు వందల మందికి పంపడం మన దగ్గర ఒక ఆచారం అయిపోయింది. ప్రొఫెసర్లు దాన్ని మొదటి వాక్యంలోనే పసిగడతారు. నా మాట వినండి, ఆరుగురికి రాయండి, ఒక్కో మెయిల్ మీద ఒక సాయంత్రం ఖర్చు పెట్టండి.

ఉదాహరణకి, సివిల్ ఇంజనీరింగ్‌లో ఒక ప్రొఫెసర్‌కి ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర కెమెరాల డేటా మీద గ్రాంటు వచ్చిందనుకోండి. మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తారు, సారాంశం ఇలా ఉండాలి:

"ప్రొఫెసర్ ఫలానా గారికి, నేను డేటా సైన్స్ ఎంఎస్ మొదటి సెమిస్టర్ విద్యార్థిని. సిగ్నళ్ళ దగ్గర పాదచారుల ప్రమాదాల మీద మీ కొత్త ప్రాజెక్టు సారాంశం చదివాను. అందులో రాత్రిపూట వీడియోల్లో మనుషుల్ని గుర్తించడం కష్టమవుతోందని రాశారు. బీ.టెక్ చివరి ఏడాది నేను తక్కువ వెలుతురు ఫొటోల మీద పనిచేశాను, కోడ్ ఈ లింకులో ఉంది. వీడియోలకి లేబుల్ వేయడం, డేటా శుభ్రం చేయడం, మోడల్ నడపడం చేయగలను. వారానికి 10 నుంచి 20 గంటలు ఖాళీ ఉంది. మీకు వీలైన రోజు పదిహేను నిమిషాలు కలవవచ్చా?"

అంతే. ఎనిమిది తొమ్మిది వాక్యాలు దాటొద్దు. మీ ర్యాంకు, మీ కాలేజీ గొప్పతనం, "ఎస్టీమ్డ్ యూనివర్సిటీ" లాంటి మాటలు, ఇంటి ఆర్థిక పరిస్థితి ఇందులో పెట్టకండి. ఇంట్లో కష్టం నిజమే అయినా, తన పని ఎవరు చేస్తారని వెతుక్కుంటున్న మనిషికి ఆ మెయిల్ దారి చూపదు. "సర్" బదులు ప్రొఫెసర్ అని ఇంటిపేరుతో సంబోధించండి. లింకు నిజంగా తెరుచుకుంటోందో లేదో పంపేముందు ఫోన్లో నొక్కి చూసుకోండి. జవాబు రాకపోతే వారం పది రోజుల తర్వాత రెండు లైన్లు మళ్ళీ రాయండి. అప్పటికీ రాకపోతే ఆయన ఆఫీస్ అవర్స్‌కి ఒకసారి వెళ్ళండి. ఆ తర్వాత ఇంకొకరి దగ్గరికి.

టీఏ కోసమైతే దారి ఇంకా సూటిగా ఉంటుంది. ఏ కోర్సులో మీకు 'A' గ్రేడ్ వచ్చిందో అదే కోర్సుకి అడగండి. మొదటి సెమిస్టర్‌లో ఒక కోర్సు ఎంచుకుని అందులో పూర్తిగా మునగండి. ముందు వరసలో కూర్చోండి, ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళండి, డిస్కషన్ బోర్డులో తోటివాళ్ళ ప్రశ్నలకి జవాబు రాయండి. డిసెంబర్‌లో ఆ ప్రొఫెసర్ వచ్చే సెమిస్టర్ టీఏ కోసం చూస్తున్నప్పుడు ఆయనకి గుర్తొచ్చే పేర్లలో మీది ఒకటి ఉంటుంది. వచ్చిన కొత్తలో నలుగురితో కలిసి తిరగడం, పార్ట్ టైం వేట, వంట, ఇల్లు సర్దుకోవడంలో మొదటి సెమిస్టర్ మార్కులు పోగొట్టుకునేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. చాలా డిపార్ట్‌మెంట్లు 3.0 జీపీఏ కన్నా తక్కువ ఉంటే దరఖాస్తే తీసుకోవు.

మాట్లాడే పరీక్ష

విద్యార్థుల ముందు నిలబడే టీఏ పోస్టుకి ఇంగ్లీషులో మాట్లాడే సామర్థ్యం విడిగా చూస్తారు. పర్‌డ్యూలో దీనికి ఓఈపీటీ అనే సొంత పరీక్ష ఉంది. ఇల్లినాయ్‌లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో పాఠం చెప్పేవాళ్ళకి మాట్లాడే ఇంగ్లీషు వచ్చి ఉండాలని చట్టమే ఉంది. కొన్ని చోట్ల టోఫెల్ స్పీకింగ్ స్కోరు సరిపోతుంది. మీ డిపార్ట్‌మెంట్ ఎంత అడుగుతుందో టోఫెల్ రాసే ముందే చూసుకుంటే మళ్ళీ రాసే ఖర్చు తప్పుతుంది. ఐఈఎల్‌టీఎస్‌నో డ్యుయోలింగోనో అడ్మిషన్‌కి ఒప్పుకున్నా, టీఏకి ఒప్పుకుంటారో లేదో కూడా అడగండి.

తయారీకి కోచింగ్ అక్కర్లేదు. మీ సబ్జెక్టులో ఒక చిన్న విషయం తీసుకోండి, బైనరీ సెర్చ్ అనుకుందాం. ఫోను ఎదురుగా పెట్టి, తెల్లకాగితం మీద గీస్తూ ఐదు నిమిషాలు చెప్పండి. విని చూస్తే మన తెలుగువాళ్ళ సమస్యలు రెండు వెంటనే దొరుకుతాయి. ఒకటి వేగం: వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకోం. రెండోది, వీ, డబ్ల్యూ రెండింటినీ ఒకే "వ"గా పలుకుతాం. డబ్ల్యూకి పెదాలు గుండ్రంగా చుట్టాలి, వీకి పై పళ్ళు కింది పెదవిని తాకాలి. అమెరికన్ యాసని అనుకరించే పని పెట్టుకోకండి. మెల్లగా, ముఖ్యమైన మాట దగ్గర ఆగి చెప్తే మన యాసలోనే చక్కగా అర్థమవుతుంది. ఎదుటివాళ్ళు మధ్యలో ప్రశ్న వేస్తే ఏం చేయాలో కూడా సాధన చేయండి: ప్రశ్నని మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పి, అప్పుడు జవాబు మొదలుపెట్టండి.

ఆఫర్ లెటర్ వచ్చాక

సంతోషంలో వెంటనే సంతకం పెట్టకండి, ఒక పూట చదవండి. ఎంత శాతం పోస్టు? ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? చాలా పోస్టులు తొమ్మిది నెలలవే, వేసవిలో జీతం రాదు. వేవర్ మొత్తం ట్యూషన్‌కా, బయటి రాష్ట్రం అదనపు భాగానికి మాత్రమేనా? ట్యూషన్ పోయినా మిగిలే స్టూడెంట్ ఫీజులు ఎంత? హెల్త్ ఇన్సూరెన్స్ కలిసుందా? కనీసం ఎన్ని క్రెడిట్లు తీసుకోవాలి? మధ్యలో మానేస్తే వేవర్ వెనక్కి తీసుకుంటారా? లెటర్లో లేనిది నోటి మాటగా చెప్తే, "మీరు చెప్పింది నేను ఇలా అర్థం చేసుకున్నాను" అని మెయిల్లో రాసి ఖాయం చేసుకోండి. దీన్ని ఎవరూ తప్పుగా అనుకోరు.

తర్వాత కాగితాలు. ఆఫర్ లెటర్, ఇంటర్నేషనల్ ఆఫీసు ఇచ్చే ఉత్తరం, పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ఫారం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) పట్టుకుని సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళాలి. పని మొదలయ్యే తేదీకి 30 రోజుల కన్నా ముందు వెళ్తే దరఖాస్తు తీసుకోరు. యూనివర్సిటీ సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) మీ రిజిస్ట్రేషన్ పూర్తి చేయకముందు వెళ్ళినా తిరిగి రావాల్సిందే. నంబరు వచ్చేలోపు పని మొదలుపెట్టడానికి సాధారణంగా అడ్డు లేదు, మీ హెచ్ఆర్‌ని అడగండి. పనిలో చేరిన మూడు పని దినాల్లోపు ఐ-9 ఫారం (పనిచేసే అర్హతకి రుజువు) పూర్తి కావాలి, ఒరిజినల్ కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఆగస్టు మధ్యలో చేరినా మొదటి జీతం సెప్టెంబర్‌లో కానీ చేతికి రాకపోవచ్చు. రెండు నెలల అద్దె, సామాన్ల డబ్బు విడిగా ఉంచుకోండి.

జీతంలో ఎంత పన్ను కోయాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారంలో మనవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. ఎఫ్-1 విద్యార్థులు పన్ను లెక్కలో మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు నాన్ రెసిడెంట్లు, ఆగస్టులో దిగినా ఆ ఏడాది ఒక సంవత్సరం కిందే లెక్క. మామూలుగా నాన్ రెసిడెంట్లకి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని నిర్ణీత భాగం) ఉండదు. కానీ భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకి ఉంది. 2024కి అది 14,600 డాలర్లు. ఏడాది జీతం అంతకన్నా తక్కువైతే ఫెడరల్ ఆదాయపు పన్ను దాదాపు ఉండదన్నమాట. యూనివర్సిటీ గ్లేసియర్ లాంటి సాఫ్ట్‌వేర్ నింపమంటుంది, ఇండియా అని సరిగ్గా నింపండి. మొదటి పేస్లిప్ వచ్చాక సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పేరుతో ఏమైనా కోశారేమో చూడండి. నాన్ రెసిడెంట్‌గా ఉన్న ఆ ఐదేళ్ళూ అవి కోయకూడదు. కోస్తే పేరోల్ ఆఫీసుకి వెళ్తే వెనక్కి ఇస్తారు. టీఏ, ఆర్ఏల ట్యూషన్ మాఫీకి పన్ను లేదు. ఆఫీసు పని చేసే జీఏలు మాత్రం తమ మాఫీ మీద పన్ను పడుతుందేమో పేరోల్‌లో అడగాలి. జనవరి చివరికి డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను లెక్క) వస్తుంది, ఏప్రిల్ 15 లోపు 1040-ఎన్ఆర్ (నాన్ రెసిడెంట్ల పన్ను రిటర్న్), 8843 ఫారాలు పంపాలి.

పని మొదలయ్యాక

అరవై పేపర్లు దిద్దాలంటే ఒక్కో విద్యార్థి పేపరు మొదటి నుంచి చివరి దాకా దిద్దొద్దు. అందరి మొదటి ప్రశ్న దిద్ది, తర్వాత అందరి రెండో ప్రశ్నకి వెళ్ళండి. ఒకే తప్పుకి ఇద్దరికి రెండు రకాలుగా మార్కులు పడే ప్రమాదం తగ్గుతుంది, పనీ తొందరగా తెములుతుంది. మొదటి పది పేపర్లు దిద్దాక ఆపి, రూబ్రిక్‌లో (మార్కులు వేసే సూచనల్లో) లేని తప్పులు ఏం కనిపించాయో ప్రొఫెసర్‌కి రాయండి. "ఇన్ని మార్కులు తగ్గిస్తున్నాను, సరేనా" అని ముందే అడిగే టీఏని వదులుకోవడానికి ఏ ప్రొఫెసరూ ఇష్టపడడు.

అసలు పరీక్ష మాత్రం మన ఇంట్లోనే ఎదురవుతుంది. మీరు గ్రేడర్‌గా ఉన్న క్లాసులోనే మీ రూమ్మేట్ ఉంటాడు. రాత్రి పదకొండింటికి అన్నం తింటుండగా, "అరే మావా, మిడ్‌టర్మ్ సొల్యూషన్ ఒక్కసారి చూపించవా, ఎవరికీ చెప్పను" అంటాడు. ఊళ్ళో కలిసి పెరిగినవాడు, ఎయిర్‌పోర్టు నుంచి మిమ్మల్ని తీసుకొచ్చినవాడు. ఆ ఒక్కసారి చూపిస్తే ఇద్దరి డిగ్రీలూ ప్రమాదంలో పడతాయి. దీనికి మందు మొదటి రోజే వేయాలి. "ఈ క్లాసులో నా రూమ్మేట్ ఉన్నాడు, అతని పేపర్లు ఇంకొకరికి ఇవ్వండి" అని ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టండి. రూమ్మేట్‌కి కూడా అదే రోజు చెప్పేయండి: "నీ పేపరు నా దగ్గరికి రాదురా, అడగొద్దు, నా ఉద్యోగం పోతుంది." స్నేహితుడైతే అర్థం చేసుకుంటాడు. ఇతరుల మార్కులు వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఫోన్లో చెప్పడం కూడా కుదరదు. విద్యార్థుల రికార్డుల గోప్యతకి 1974 నుంచి ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ఉంది. మార్కుల ఫైలు మీ సొంత ల్యాప్‌టాప్‌లో దాచుకోకండి.

గంటలు రాసుకోండి. 10 గంటల పోస్టులో వారం వారం 16 గంటలు పడుతుంటే మూడో వారానికే ప్రొఫెసర్‌కి లెక్క చూపించి, ఏ పని తగ్గించాలో అడగండి. అడిగితే తీసేస్తారేమో అన్న టెన్షన్ సహజమే, కానీ ఎఫ్-1 వాళ్ళకి 20 గంటల గీత ఉందని వాళ్ళకీ తెలుసు. చాలా క్యాంపస్‌లలో ఈ ఉద్యోగాలకి యూనియన్లు కూడా ఉన్నాయి. ప్రైవేటు యూనివర్సిటీల స్టూడెంట్ అసిస్టెంట్లు కూడా ఉద్యోగులేనని 2016లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు కొలంబియా కేసులో తేల్చింది. 2022 నవంబర్‌లో యూసీ క్యాంపస్‌లలో దాదాపు 48,000 మంది అకడమిక్ ఉద్యోగులు సమ్మెకి దిగి మెరుగైన జీతాల ఒప్పందం సాధించారు. మీ పోస్టు యూనియన్ ఒప్పందం కిందికి వస్తే పని గంటలు, సెలవు, ఫిర్యాదు పద్ధతి అందులో రాసి ఉంటాయి. ఎఫ్-1 వాళ్ళు కూడా సభ్యులు కావచ్చు.

ఆర్ఏగా చేరినవాళ్ళు ప్రతి శుక్రవారం ప్రొఫెసర్‌కి ఐదు లైన్ల మెయిల్ పెట్టండి: ఈ వారం ఏం చేశాను, ఏది పనిచేయలేదు, వచ్చే వారం ఏం చేస్తాను, మీ నుంచి ఏం కావాలి. ప్రయోగం ఫెయిలైతే దాచకుండా రాయండి.

వచ్చే సెమిస్టర్ గురించి చివరి వారం దాకా ఆగకండి. ఫాల్‌లో చేరితే అక్టోబర్ చివరికల్లా, "స్ప్రింగ్‌కి కూడా ఈ కోర్సుకి అవసరం ఉంటుందా" అని అడగండి. లేదంటే ఆ మాటకి కుంగిపోకుండా అక్కడే ఇంకో రెండు అడగండి: మీ డిపార్ట్‌మెంట్లో ఎవరికి మనిషి కావాలో తెలుసా, వాళ్ళకి నా గురించి ఒక లైను రాయగలరా? మీ పని నచ్చినవాళ్ళయితే చాలావరకు ఆ లైను రాస్తారు.